అరగంట మగ్గం నిలపండి

మా ఇంట్లో కంప్యూటర్లు నాలుగు. నా మొగుడు మురుగేష్‌ది ఒకటి, అందులో ఆర్డర్లూ బిల్లులూ ఉంటాయి. మా మరిది ధనంజయది ఒకటి, అతను పెళ్ళి వీడియోలు తీస్తాడు. మా అమ్మాయి రూపశ్రీది ఒకటి. ఇంజనీరింగు చదువుతోంది కాబట్టి అందులో పాఠాలు ఉండాలి, ఉన్నవి మాత్రం కొరియా సీరియళ్ళు. నాలుగోది నాది. దాన్ని కంప్యూటర్ అనడానికి మా ఇంట్లో ఎవరికీ నోరు రాదు. "భువన బొమ్మలేసుకునే పెట్టె" అంటారు.

నేను వేసేవి బొమ్మలు కావు, చీర అంచుల డిజైన్లు. మాది నగరి. ఇంటి కింది భాగంలో కొట్టం, అందులో ఎనిమిది మరమగ్గాలు. కొట్టాన్ని ఆనుకొని హాలు, వంటిల్లు. పైన పడక గదులు. పన్నెండేళ్ళుగా వంటకీ వంటకీ మధ్య కూర్చొని రెండు వందల పద్నాలుగు అంచులు గీశాను. గీసిన ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి అట్టలు కొట్టే అతనికి ఇస్తాం. అతను ఆ డిజైన్ ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టి ఇస్తాడు. ఆ అట్టలు మగ్గం పైన బిగిస్తే అంచు పడుతుంది. చీర బాగా పోతే నూలు మంచిదంటారు, మగ్గం మంచిదంటారు. అంచు ఎవరు గీశారని ఇంతవరకు ఒక్క మనిషి అడిగిన పాపాన పోలేదు.

అడిగింది నాయుడుపేట దగ్గర కొత్తగా పెట్టిన ఒక బట్టల కంపెనీ. ఫోన్‌లో పంపిన నాలుగు ఫోటోలు చూసి శుక్రవారం పది గంటలకు తిరుపతికి రమ్మన్నారు. వారానికి రెండు రోజులు కంపెనీకి పోతే చాలు, మిగతా పని ఇంటి నుంచే చేసుకోవచ్చు. షరతు ఒక్కటే. ఫోటోలూ ప్రింట్లూ పనికిరావు, అసలు ఫైళ్ళు తేవాలి, వాళ్ళ ముందు తెరిచి వాళ్ళు చెప్పిన మార్పు చేసి చూపించాలి. ఫైళ్ళు లేకపోతే ఉద్యోగం లేదు. మా ఇంట్లో వాళ్ళకు ఈ మాట పదిసార్లు చెప్పాను, పదిసార్లూ "ఆ ఆ" అన్నారు.

ఇక ఆ ఫైళ్ళన్నీ దాచిన డిస్కు సంగతి. పోయిన ఏడాది ధనంజయ ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోయి, అందులో ఉన్న రెండు పెళ్ళిళ్ళూ గాల్లో కలిసిపోయాయి. ఒక పెళ్ళికూతురి తండ్రి మా గుమ్మంలో కూర్చొని, మళ్ళీ పెళ్ళి చేయమంటావా అని నిలదీశాడు. ఆ రభస చూశాక నేనే తిరుపతికి పోయి పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్కు కొనుక్కొచ్చాను. నలుగురికీ అదొక్కటే. హాలుకూ మగ్గాల కొట్టానికీ మధ్య గోడలో ఒక గూడు ఉంది, పక్కనే కరెంటు ప్లగ్గు ఉంది. అందరికీ అందుతుంది, నాకు వంటింట్లోంచి కనపడుతుంది. డిస్కు ఆ గూట్లో పెట్టి, ఆదివారం సాయంత్రం ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఎవరి కంప్యూటర్ వాళ్ళు తగిలించి కాపీ చేసుకోవాలని చెప్పాను. పని అయ్యేదాకా ఎవరూ వైరు ముట్టుకోకూడదన్నాను.

వింటేగా. మురుగేష్‌కు వైరు అంటే పీకడానికే ఉందని నమ్మకం. ధనంజయ ఒకే పెళ్ళిని "ఫైనల్", "కొత్త ఫైనల్", "అసలు ఫైనల్" అని మూడుసార్లు వేసేవాడు. రూపశ్రీ తన సీరియళ్ళ కోసం జాగా చాలక వాళ్ళ నాయన బిల్లులు తీసి ఎక్కడో పారేసింది. మా అత్త కుప్పమ్మ నూలు దుమ్ము పడకుండా డిస్కు మీద పాత చీర ముక్క కప్పేది. అది వేడెక్కి మాడిపోతుందని నేను తీసేస్తే, నేను అటు తిరగ్గానే మళ్ళీ కప్పేది.

వీళ్ళు చేసేవి చాలవన్నట్టు కాపీ సగంలో ఆగిపోయేది. ముప్పై శాతం, నలభై శాతం వరకు పోయి తప్పు చూపించి నిలిచిపోతుంది. ఆదివారం ఆగితే సోమవారం, సోమవారం ఆగితే మంగళవారం, అట్లా మొత్తం ఎక్కేదాకా రోజూ దాంతో కుస్తీ పట్టేదాన్ని. ఎక్కిన రోజున క్యాలెండర్‌లో ఆ గడిలో టిక్కు పెట్టుకునేదాన్ని. నెలకు ఒక్క టిక్కు పడితే గొప్ప. మిగతా రోజులన్నీ ఇంట్లో పోట్లాటే.

"ఎవురు పీకినారు వైరు?"

"నేను ఆ తట్టే పోలేదు మే," అని మురుగేష్.

"నేను పొద్దున్నించి పుత్తూరులో ఉండా వదినా," అని ధనంజయ.

"మా, ప్రతిదానికీ నేనే దొరుకుతానా నీకు?" అని రూపశ్రీ.

మా అత్త మాత్రం చీర ముక్క తీసి దులిపి మళ్ళీ కప్పేది. ఆమె మీద నాకు వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు. ఒకరోజు "నీ చెయ్యి పడితే ఏదీ బాగుపడదత్తా" అని కూడా అనేశాను. ఆ పూట ఆమె అన్నం తినలేదు.

ఇంతమందికి జాగ్రత్తలు చెప్పిన నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. నా పెట్టె ముసలిదై, ఒక ఫైలు తెరవమంటే నేను పోపు పెట్టి వచ్చేదాకా తెరిచేది కాదు. పోయిన నెలలో డిస్కుకు కాపీ పూర్తిగా ఎక్కి టిక్కు పడిన మరుసటి రోజే, అంతా డిస్కులో భద్రంగా ఉంది కదా అని నా పెట్టెలో ఉన్నదంతా తుడిచేసి సాఫ్ట్‌వేర్ కొత్తగా వేసుకున్నాను. రెండు వందల పద్నాలుగు అంచులూ ఆ గూట్లో ఉన్న ఒక్క డిస్కులోనే మిగిలాయి. ఒక్కచోటే ఉన్నదాన్ని భద్రం అనరని ఇల్లంతా తిరిగి చెప్పినదాన్ని నేనే.

మంగళవారం సాయంత్రం శుక్రవారానికి కావలసినవి తీసుకుందామని డిస్కు తెరిస్తే, తెరుచుకోలేదు. రూపశ్రీ దానికి చెవి ఆనించి, "లోపల టకటకా కొట్టుకుంటా ఉండాది మా," అంది. వెంటనే దాన్ని అమ్మిన అతనికి ఫోన్ చేశాను.

బుధవారం పొద్దున తిరుపతి నుంచి భానుచందర్ వచ్చాడు. కంప్యూటర్లు బాగుచేస్తాడు, ఆ డిస్కు కొన్నది అతని దగ్గరే. కొత్త డిస్కు ఒకటి వెంట తెచ్చాడు. గూటి ముందు స్టూలు వేసుకొని గంటసేపు అదీ ఇదీ నొక్కి, పాత డిస్కును ఎట్లాగో తిరిగేటట్టు చేశాడు. నా ఫైళ్ళ పేర్లు తెర మీద కనపడ్డాయి. కొత్తదానికి కాపీ పెడితే రెండు శాతం దగ్గర నిలిచిపోయింది.

"అక్కా, ఇది ఎప్పుడన్నా సరిగ్గా ఎక్కిందా?" అని అడిగాడు.

నేను రెండేళ్ళ క్యాలెండర్లూ తెచ్చి అతని ముందు పడేశాను. పద్నాలుగు నెలల్లో పదమూడు టిక్కులు. అతను తిప్పి తిప్పి చూశాడు. వారం కలవలేదు, తేదీ కలవలేదు. పక్కన చిక్కుడుకాయలు గిల్లుతున్న మా అత్త "ఏదీ ఇట్లీ" అని క్యాలెండర్ లాక్కుంది. ఆమెకు చదువు రాదు, గళ్ళలో వేసే నల్ల చుక్క ఏమిటో తెలుసు.

"అన్నీ అమావాస్యలే గదా," అంది.

"అత్తా, నీకు దండం పెడతా, ఇప్పుడు దిష్టి కథలు వద్దు," అన్నాను.

"దిష్టి గాదు మే. ఆ పొద్దు మగ్గాలు ఆడవు గదా."

భానుచందర్ వెళ్ళి గోడ మీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత నన్ను గ్లాసు నిండా నీళ్ళు అడిగి, దాన్ని గూట్లో డిస్కు పక్కన పెట్టాడు. గ్లాసులో నీళ్ళు గడగడా వణుకుతున్నాయి.

"అక్కా, ఈ గోడంతా అదురుతా ఉండాది. డిస్కు లోపల ముల్లు వెంట్రుక వాసిలో తిరగల్ల. పద్నాలుగు నెల్లు దీన్ని ఈడ పెట్టి ఊపినారు మీరు. ఇన్నాళ్ళు బతికిందే గొప్ప," అన్నాడు.

నేను ఈ ఇంటికి వచ్చి పందొమ్మిదేళ్ళు. బయటి చుట్టాలు వస్తే మొదటి రాత్రి నిద్ర పట్టదని అంటారు, మాకు మాత్రం మగ్గం ఆగితేనే మెలకువ వస్తుంది. ఆ గోడకు ఆనుకొని బియ్యం ఏరాను, రూపశ్రీకి పాలిచ్చాను, అది అదురుతుందని నాకు ఒక్కనాడూ తోచలేదు. ఆదివారం లేదు, పండగ లేదు, మా మగ్గాలకు అమావాస్య ఒక్కటే సెలవు. మొగుణ్ణీ మరిదినీ కూతుర్నీ ఏడాది పైన నిలబెట్టి తిట్టాను, ముసలామెను అన్నం మానేటట్టు చేశాను. ఆ గూడు ఎంచింది మాత్రం నేను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ సిగ్గు మీద కూడా కోపమే వచ్చింది.

"ఎత్తి పైకి తీసుకొని పోతే? మెత్త మీద పెడితే?" అని అడిగాను.

"ముట్టుకోవద్దక్కా. ఇప్పుడేదో తిరగతా ఉండాది. ఆపితే, ఎత్తితే మళ్ళీ తిరుగుతుందని నేను మాట ఇయ్యలేను. బస్సులో తిరుపతికి తెస్తే ఆ గుంతలకే పోతుంది. మద్రాసుకు పంపితే బయటికి తీస్తారేమో గానీ నెల పడుతుంది. ఉన్నదాన్ని ఉన్నచోటే పెట్టి, మగ్గాలు నిలిపి, కాపీ చేసుకోండి. మూడు గంటలు. ఇదే ఆఖరుసారి అనుకోండి."

కాపీ మళ్ళీ మొదలుపెట్టి, ఎట్లా చూసుకోవాలో చెప్పి, ఇంకో చోట పని ఉందని అతను వెళ్ళిపోయాడు. వచ్చే అమావాస్యకు పది రోజులుంది, శుక్రవారానికి ఒక్కరోజు. నేను కొట్టంలోకి పోయి మురుగేష్ చెవిలో అరిచి విషయం చెప్పాను.

"మగ్గం నిలపల్నా? నీ బొమ్మల కోసరమా? ఏకాంబరకుప్పం సరుకు సాయంత్రం లోపల ఇయ్యల్ల మే. పదిరోజులే గదా అమావాస్యకి, ఆగు."

"శుక్రవారం రమ్మన్నారు."

"ఈ శుక్రవారం గాకుంటే ఇంకో శుక్రవారం."

"ఏమయ్యా, నీ చుట్టాల పెండ్లి అనుకొంటివా, ఎప్పుడు పొయినా అన్నం పెట్టేదానికి?"

అతను నూలు కండె మార్చుకుంటూ అటు తిరిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడు మా అత్త గుమ్మం దగ్గరికి వచ్చింది. ఆమె గొంతు మగ్గాల మోతలో కూడా వినపడుతుంది, యాభై ఏళ్ళు మగ్గాల మధ్య బతికిన గొంతు అది.

"ఒరే మురుగా, ఆ బొమ్మలు తీసేస్తే నువ్వు నేసేది చీర గాదురా, ఉత్త గుడ్డ. నిలుపు."

అతను ఒక్కో మగ్గం ఆపుకుంటూ పోయాడు. "మూడు గంటలకి మళ్ళీ ఏస్తా. ఇంక మాట్లాడేది లేదు," అన్నాడు. వేరే వీధుల నుంచి వచ్చే పనివాళ్ళను ఇళ్ళకు పొమ్మని, తయారైన చీరల మడతలు మాత్రం బండికి కట్టుకొని ఏకాంబరకుప్పం పోయాడు. మా అత్త ఎండుమిరపకాయలు ఎండబెట్టాలని మిద్దె ఎక్కింది. నేను స్టూలు మీద కూర్చొని తెర చూస్తున్నాను.

పదకొండున్నరకు పదమూడు శాతం. పన్నెండుకు పద్దెనిమిది. తర్వాత అది కదలడం మానేసింది. గ్లాసులో నీళ్ళు చూస్తే ఇంకా వణుకుతున్నాయి. మా వీధిలో ఇళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి, గోడలు ఉమ్మడి. మావి ఆగాయి, కుడిపక్క చెంగయ్యవి ఆడుతున్నాయి, ఎడమపక్క సుబ్రమణ్యంవి ఆడుతున్నాయి. వాళ్ళ దగ్గరికి పోయి ఏమని అడగాలి? నా మొగుడే బొమ్మలు అంటాడు, పక్కింటి వాళ్ళు ఇంకేమంటారు? అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. కాలు కాలిన పిల్లిలాగా హాల్లో అటూ ఇటూ తిరిగాను.

పన్నెండుంపావుకు చెంగయ్య మగ్గాలు ఆగిపోయాయి. రెండు నిమిషాలకు సుబ్రమణ్యంవి ఆగాయి. తర్వాత ఎదురిల్లు, దాని పక్కిల్లు, అట్లా వీధి చివరిదాకా. కరెంటు పోయిందేమోనని పైకి చూస్తే ఫ్యాను తిరుగుతోంది. గ్లాసులో నీళ్ళు నిలిచాయి. తెర మీద అంకె ఇరవై, ఇరవై రెండు, ఇరవై ఐదు అని పరిగెత్తుతోంది. దేవుడు ఇంత మంచివాడని నాకు అంతవరకు తెలియదు.

చెంగయ్య భార్య వరదమ్మ లోపలికి వచ్చింది. వచ్చీ రాగానే నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఎప్పుడు మే?" అంది నెమ్మదిగా.

"ఏంది పెద్దమ్మా?"

"పోయిన వారం జొరం అంటే తగ్గిపోయిందనుకొంటిమి. నిద్దట్లోనే పొయ్యిందా?"

అప్పుడు అర్థమైంది. మా వీధిలో పని రోజున ఒక ఇంటి మగ్గాలు మాత్రం ఆగాయంటే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే. తెలిసిన వెంటనే మిగతా ఇళ్ళు కూడా ఆపేస్తాయి, శవం కదిలేదాకా ఎవరూ మగ్గం వేయరు. మా ఇంట్లో డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి ఉంది, పోయిన వారం జ్వరపడింది. వీధి మొత్తం లెక్క కట్టేసింది.

లేదు పెద్దమ్మా, మా అత్త దుక్కలాగా ఉంది, మిద్దె మీద మిరపకాయలు ఎండబెడుతోంది అని చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచి తెర వైపు చూశాను. ముప్పై ఒకటి. నోరు మూసుకున్నాను. ఇందులో నాకు సాకు లేదు, తెలిసే మూసుకున్నాను.

"యాడ పండబెట్టినారు?" అంది వరదమ్మ.

"పైన ఉండాది," అన్నాను.

"పోయి సూసొస్తా."

"ఆయన వచ్చేదాకా ఆగు పెద్దమ్మా."

ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు, అదే నాకు మరీ అసహ్యంగా తోచింది. వరదమ్మ నేల మీద కూర్చొని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకరొకరే ఆడవాళ్ళు వచ్చి చేరారు. చెంగయ్య, సుబ్రమణ్యం బయట అరుగు మీద కూర్చొని పాడె కట్టేవాడికి ఎవరు ఫోన్ చేయాలా అని మాట్లాడుకుంటున్నారు. నేను కంప్యూటర్ ముందు నుంచి లేవకపోవడం చూసి, షాకులో ఉందని పక్కావిడ నా వీపు నిమిరింది. నలభై ఎనిమిది. అరవై. డెబ్బై మూడు.

నేను మెల్లగా మిద్దె ఎక్కి మా అత్తకు జరిగింది చెప్పాను. చెంప పగలగొడుతుందనుకున్నాను. ఆమె మిరపకాయలు పరుస్తూనే వింది.

"ఎవురెవురు వచ్చినారు?" అంది.

చెప్పాను.

"ఎంతకి వచ్చింది నీది?"

"ముప్పావు వంతు అయింది."

"సరే, ఈడనే కూసోనుంటా. తొందరగా కానీ," అంది.

కూర్చుంటే బాగుండేది. కింద హాల్లో మాట్లాడేవి మెట్ల దారిన మిద్దె మీదికి వినపడతాయి. ఎనభై ఎనిమిది శాతం దగ్గర వరదమ్మ కళ్ళు తుడుచుకొని, "మనసు వెన్నే. నోరే మంచిది గాదు పాపం, ఎవుర్నీ ఒగ మాట అనకుండా ఇడవదు," అంది. మెట్ల మీద చప్పుడైంది.

"నా నోరు నీకేం చేసింది మే వరదా?"

వరదమ్మ కేక పెట్టి పక్కావిడ ఒళ్ళో పడింది. అరుగు మీద ఉన్నవాళ్ళు లోపలికి పరిగెత్తుకొచ్చారు. అదే సమయానికి మురుగేష్ బండి వాకిట్లో ఆగింది. సుబ్రమణ్యం అతనికి ఫోన్ చేసి చెప్పేశాడట. అతను చెప్పులు కూడా విప్పకుండా, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖంతో లోపలికి వచ్చి, హాలు మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడిన తల్లిని చూశాడు. అక్కడే గోడకు ఆనుకొని కూలబడ్డాడు.

 నేనే అంతా చెప్పాను. డిస్కు, గోడ, శుక్రవారం, నేను నోరు మూసుకున్నది, అన్నీ.

"నీ బొమ్మల కోసరం మా అమ్మను సంపేసినావా మే?" అన్నాడు మురుగేష్. గొంతులో కోపం కూడా లేదు. 

చెంగయ్యకు మాత్రం బాగా కోపం వచ్చింది. "పనిదినం మధ్యాన్నం వీధంతా మగ్గం నిలిపిస్తివి. ఏం ఆట మే ఇది? పదండప్పా, పోయి ఏసుకొందాం," అని తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. అందరూ లేచారు. తెర మీద తొంభై ఒకటి. చివరికొచ్చి డిస్కు నెమ్మదించింది, మిగిలినదానికి అరగంట అని చూపిస్తోంది.

నేను వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఏం మాట్లాడాలో ముందుగా అనుకోలేదు, పన్నెండేళ్ళ విసుగు దానంతట అదే బయటికి వచ్చింది.

"తప్పు నాదే. చెప్పు తీసుకొని కొట్టినా పడతా. ఒగ మాట ఇనండి. రేపు నేను సచ్చిపోతే ఈ వీధిలో మగ్గాలు నిలుపుతారా లేదా?"

చెంగయ్య తెల్లబోయి చూశాడు. "అదేం మాట? నిలుపుతాం."

"ఎంతసేపు?"

"నిన్ను ఎత్తేదాకా. ఒగ పొద్దు."

"ఆ పొద్దులో నుంచి అరగంట నాకు ఇప్పుడు ఇచ్చేయండి మామా. బతికుండగా అడగతా ఉండా. మిగిలింది నేను పొయ్యినాక ఇద్దురు, అరగంట తగ్గించుకొని."

ఏడుపు వచ్చేసింది, దాచుకోలేదు.  మురుగేష్ గోడ దగ్గర నుంచి లేచి, కొట్టం తలుపు మూసి గడియ పెట్టి, మళ్ళీ వచ్చి వాళ్ళమ్మ పక్కన కూర్చున్నాడు. చెంగయ్య ఫోన్ తీసి టైము చూశాడు.

"ఒకటింబావు. ఒకటీ ముక్కాలు దాకా. అరగంటంటే అరగంటే," అని, ఆ టైముకు మగ్గం వేయమని ఇంట్లో పనివాళ్ళకు ఫోన్ చేసి, నా స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

కూర్చున్నవాళ్ళు ఊరికే ఎంతసేపని కూర్చుంటారు? తొంభై మూడు దగ్గర వరదమ్మ, "ఇంతకీ ఏముండాది మే దాంట్లో?" అంది. కొత్త డిస్కులోకి వచ్చేసినవి తెరిస్తే ఏమీ కాదని భానుచందర్ చెప్పి ఉన్నాడు. ఒకటి తెరిచాను. మామిడి పిందెల తీగ, మధ్యలో రెండేసి చిలకలు. ఇంకోటి తెరిచాను. మూడోదానికి చెంగయ్య స్టూలు ముందుకు జరుపుకున్నాడు.

"ఇది నాకు తెలుసు. నాలుగేండ్లు నేసినా దీన్ని. అట్టలు కొట్టేవాడు మద్రాసు డిజైన్ అని ఇచ్చినాడే."

"నాదే మామా. రూపశ్రీకి టైఫాయిడ్ వచ్చినప్పుడు మంచం పక్కన కూసోని ఏసినా."

అతను నన్ను చూశాడు, తెర చూశాడు.  తర్వాతది తెరవమన్నట్టు చెయ్యి ఊపాడు. సుబ్రమణ్యం కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. ఇది మా ఇంట్లో ఆడుతోంది, ఇది పోయిన పెళ్ళిళ్ళ కాలంలో వేశాం అని వాళ్ళు ఒక్కొక్కటే గుర్తుపడుతుంటే మురుగేష్ తల వంచుకొని వింటున్నాడు.

ఒకటీ ముక్కాలు అయింది. తెర మీద తొంభై ఏడు. చెంగయ్య ఇంట్లో పనివాళ్ళు టైము చూసుకొని మగ్గం వేశారు. గోడ అదిరింది. గ్లాసులో నీళ్ళు కదిలాయి, అంకె నిలిచిపోయింది. మాట ఇచ్చిన అరగంట అయిపోయింది కాబట్టి నేను ఇంకేమీ అడగలేను. డిస్కు వైపు చూస్తూ నిలబడ్డాను.

చెంగయ్య ఫోన్ చెవిలో పెట్టుకున్నాడు.

"ఒరే, నిలుపు. నేను సెప్పేదాకా ఎయ్యొద్దు." అవతలివాడు ఏదో అడిగాడు. "ఎవురూ పోలేదురా," అన్నాడు చెంగయ్య. "ఈడ డిజైనరమ్మ పని చేస్తా ఉండాది."